మొజంజాహీ మార్కెట్టు, పండ్ల నిలవ: ఒక చారిత్రక పరిశీలన

ధాన్యాన్ని నిలవ చేయడం వ్యవసాయంతోపాటే మానవునికి అబ్బిన విద్య. పండును నిలవ చేయడం అంతకంటె కష్టమైన విద్య. ధాన్యంలో తేమ స్వల్పం. ఎండబెట్టి గాదెలో పోస్తే సంవత్సరాల తరబడి ఉంటుంది. పండులో అధికభాగం నీరే; పైగా తీపి. తేమ, తీపి రెండూ ఉన్నచోట పురుగు, బూజు, పులుపు చేరక మానవు. చెట్టు కాపునివ్వడం కూడా ఒక్కసారిగానే. పది నెలలు కంటికి కనిపించని పండు రెండు నెలలపాటు రాశులుగా వచ్చి పడుతుంది. తినగా మిగిలినదాన్ని ఏమి చేయాలన్న ప్రశ్నకు ప్రతి నాగరికతా తన సమాధానాన్ని వెదుక్కున్నది. ఆ సమాధానాలలో అనేకం హైదరాబాదులో అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల మధ్యనున్న ఒక కూడలి చుట్టూ నేటికీ కానవస్తాయి. ఆ కూడలి మొజంజాహీ మార్కెట్టు.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ఛిన్నాభిన్నం చేసిన పిదప, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడినది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుడైన ముఅజ్జం జాహ్ ఆ బోర్డుకు అధ్యక్షులుగా ఉన్న కాలంలో, 1935లో, గ్రానైటు రాతితో, ఎత్తైన గడియార స్తంభంతో ఈ మార్కెట్టు నిర్మాణమైనది. ఆయన పేరే జనుల నోట నలిగి మొజంజాహీ అయినది. దీనికి ఒకవైపు 1907 నాటి నాంపల్లి రైల్వే స్టేషను. మరొకవైపు ఆరవ నిజాం కొలువులో ఉండిన ఆల్బర్ట్ అబిడ్ దుకాణం పేరిట వెలసిన అబిడ్స్. ఇంకొకవైపు ఎండుపండ్ల టోకు వ్యాపారానికి పేరుపొందిన బేగంబజారు. పచ్చి పండు, ఎండు పండు, పాకంలో ఊరిన పండు, మంచులో గడ్డకట్టిన పండు, ఈ నాలుగూ కొద్ది దూరం నడిచినంతలో దొరికే చోటు ఇది. వీటిలో ఒక్కొక్కదాని వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు.

మూసిన ద్వారం, తెరచిన మూడు మార్గాలు

మిగులు పండును నిలవ చేయడానికి అనేక ప్రాచీన జాతులు అనుసరించిన సులభమార్గం దానిని పులియబెట్టి మద్యంగా మార్చడం. యూరపు ఖండంలో ద్రాక్ష, ఆపిల్ తోటల ఆదాయం చాలాకాలం ఈ మార్గంపైనే ఆధారపడి ఉండినది. ఇస్లాం ఈ ద్వారాన్ని మూసివేసినది. ఖర్జూరాన్నో, ఎండుద్రాక్షనో నీటిలో నానబెట్టిన తీపి పానీయం నబీజ్‌ను ప్రవక్త మహనీయులు (స) సేవించేవారనీ, అయితే మూడవనాటి సాయంత్రం దాటిన పిదప మిగిలినదాన్ని పారబోయించేవారనీ హదీసు గ్రంథాల వల్ల తెలుస్తున్నది. పానీయం తీపిగా ఉండే కాలానికీ, మత్తుగా మారే కాలానికీ నడుమ ఈ విధంగా ఒక హద్దు ఏర్పడినది.

ఒక ద్వారం మూతపడినందున తక్కిన మార్గాలపై దృష్టి నిలిచినది. అవి మూడు: ఎండ, చక్కెర, మంచు.

మొదటిది అతి చవకైనది. క్రీ.శ. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్నె బతూతా ఖ్వారిజ్మ్ ఖర్బూజా పండును గురించి వ్రాస్తూ, దానిని ముక్కలుగా కోసి ఎండబెట్టి, బుట్టలలో కట్టి హిందూదేశానికీ చైనాకూ ఎగుమతి చేసేవారని తెలిపినాడు. ఢిల్లీలో ఉండగా, బాటసారులు వచ్చినారని వినగానే ఆ ముక్కలు కొనడానికి మనిషిని పంపేవాడట.

రెండవది చక్కెర మార్గం. ఇది హిందూదేశానికీ, ముస్లిం ప్రపంచానికీ ఉమ్మడి సొత్తు. సంస్కృతంలోని 'శర్కర' పారశీకంలో 'షకర్'గా, అరబ్బీలో 'సుక్కర్'గా మారినది. 'ఖండ' అన్న మాట 'ఖంద్' అయినది. చెరకు పంట పడమరకు వ్యాపించిన కొలదీ వైద్యుల అంగళ్ళలో మురబ్బా, షర్బత్, రుబ్బ్, గుల్‌ఖంద్ వంటివి చేరినాయి. చిక్కని పాకం పండులోని నీటిని బయటికి లాగివేస్తుంది. నీరు దక్కని క్రిమి పెరగలేదు. యూనానీ వైద్యుని దుకాణంలో నేటికీ కనిపించే ఉసిరి మురబ్బా వెనుకనున్న సూత్రం ఇదే. పాకంలో మోసం చేయడం సులభం గనుక పాలకులు దానిపై నిఘా ఉంచినారు. 12వ శతాబ్దంలో షైజరీ బజారు తనిఖీ అధికారియైన ముహ్తసిబ్ కొరకు రచించిన గ్రంథంలో షర్బత్, పాకాలు చేసేవారిని గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కలదు. స్వతంత్ర భారతదేశంలో 1955 నాటి ఫ్రూట్ ప్రాడక్ట్స్ ఆర్డరు జాములో కరిగిన ఘనపదార్థం నూటికి 68 వంతులకు తగ్గరాదని నిర్ణయించడం కూడా అటువంటి బాధ్యతే.

మూడవది మంచు. ఇది అన్నిటికంటె ఖరీదైనది. 1038లో మరణించిన సఆలిబీ తన 'లతాయిఫుల్ మఆరిఫ్'లో చెప్పినదాని ప్రకారం, ఖలీఫాలు మామూన్, వాసిఖ్‌ల కొరకు ఖ్వారిజ్మ్ ఖర్బూజాలను సీసపు పెట్టెలలో మంచు కూరి బాగ్దాదుకు పంపేవారు. చెడక చేరిన ఒక్కొక్క పండు వెల 700 దిర్హములు. ఎండబెట్టిన ఖర్బూజాను బాటసారి సైతం మోసుకొని పోగలిగినాడు. మంచులో పెట్టిన ఖర్బూజాను ఖలీఫా మాత్రమే తినగలిగినాడు. పండు ఒక్కటే, జాతి ఒక్కటే. తేడా అంతా దానిని నిలవ చేసిన పద్ధతిలో ఉన్నది.

మంచు దొరకని చోట చలువను కృత్రిమంగా పుట్టించే ప్రయత్నం కూడా జరిగినది. 13వ శతాబ్దపు వైద్యచరిత్రకారుడు ఇబ్నె అబీ ఉసైబిఆ సూరేకారంతో నీటిని చల్లబరచే విధానాన్ని పేర్కొన్నాడు. అక్బరు పాదుషా కాలంలో సైతం ఈ పద్ధతి ఉండినట్లు అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ' వలన తెలియుచున్నది. 1586 ప్రాంతంలో రాజశిబిరం పంజాబుకు చేరిన తరువాత ఉత్తరపు కొండల నుండి లాహోరుకు మంచు రావడం మొదలైనది. వేసవిలో అన్ని తరగతులవారూ దానిని వాడేవారనీ, ఉమరావులు మాత్రం ఏడాది పొడుగునా వాడేవారనీ అబుల్ ఫజల్ నమోదు చేసినాడు. ఈ చిన్న వివరం గుర్తుంచుకొనదగినది.

ఫిఖ్‌లో నిలవ ఉండే ఫలం

పండు నిలవ ఉంటుందా, ఉండదా అన్నది కేవలం వంటింటి ప్రశ్న కాదు. ఫిఖ్ పండితులు దానిని ధర్మశాస్త్ర ప్రశ్నగా చర్చించినారు. భూమి పండించినదానిపై ఉషర్ ఎప్పుడు విధి అవుతుందన్న విషయంలో ఇమాం అబూ హనీఫా అభిప్రాయం విశాలమైనది. కట్టెలు, గడ్డి, రెల్లు వంటివి మినహా, కొంచెమైనా ఎక్కువైనా, నిలవ ఉన్నా ఉండకపోయినా, పంట అన్నిటిపైనా ఉషర్ కలదని ఆయన మతం. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ మాత్రం నిలిచి ఉండే ఫలానికే, అదీ ఐదు వసఖ్‌ల పరిమాణానికి చేరినప్పుడే, ఉషర్ అన్నారు. పెద్ద ప్రయాస లేకుండా ఏడాదిపాటు ఉండగలిగినదే నిలిచి ఉండే ఫలమని తరువాతి హనఫీ పండితులు వివరించినారు. చెడిపోయే సొత్తుతో యజమానికి సంపద కూడదన్నది ఈ వాదంలోని ఆంతర్యం. గంపెడు సీతాఫలాలు ఉన్నవాడూ, గాదెడు జొన్నలు ఉన్నవాడూ సమానులు కారు.

నిలవ చేయడం స్వతహాగా దోషం కాదన్నది మరొక నిశ్చిత విషయం. దివ్యఖుర్ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అ) గాథలో ఏడు సమృద్ధ సంవత్సరాల పంటను వెన్నులతోనే నిలవ చేయడం, ఆపై ఏడు కరువు సంవత్సరాలలో దానిని వినియోగించడం కలదు. ప్రవక్త మహనీయులు (స) తమ కుటుంబానికి ఏడాదికి సరిపడు ఆహారాన్ని నిలవ ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించినారు. నిషిద్ధమైనది ఇహ్తికార్, అనగా ధర పెరగాలని సరుకును తొక్కిపెట్టడం. దీనిని ఇమాం అబూ హనీఫా ప్రధానంగా మనుష్యుల ఆహారానికీ, పశువుల మేతకూ వర్తింపజేయగా, ఏ వస్తువును ఆపివేస్తే ప్రజలకు హాని కలుగుతుందో అదంతా ఇహ్తికారే అని ఇమాం అబూ యూసుఫ్ అభిప్రాయపడినారు. కనుక నిలవను గురించి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: దానివల్ల ఎవరికి మేలు, ఎవరికి హాని?

కూడలి చుట్టూ నాలుగు రుచులు

ఈ చరిత్రను మనసులో ఉంచుకొని మొజంజాహీ కూడలిని చూస్తే అనేక విషయాలు అర్థమవుతాయి.

హైదరాబాదు వివాహ విందులలో ప్రసిద్ధమైన ఖుబానీ కా మీఠాకు కావలసిన ఖుబానీ ఈ దక్కను నేలపై పండేది కాదు. చల్లని కొండసీమలలో విరగకాసిన పండును అక్కడి రైతు ఎండలో ఆరబెట్టగా, అది ఎండుపండ్ల వర్తకుల ద్వారా బేగంబజారు వంటి చోట్లకు చేరింది. రాత్రంతా నానబెట్టి, చక్కెరతో ఉడికించి, గింజ పగులగొట్టి అందులోని పప్పును పైన అలంకరిస్తారు. ఆ విధంగా ఎక్కడో మిగిలిపోయిన పండు ఇక్కడ పెండ్లివిందుకు గౌరవచిహ్నమైనది. ఎండబెట్టినది గనుకనే అది ఇంత దూరం రాగలిగినది.

పాకపు మార్గానికి ఉదాహరణ ఇక్కడి బిస్కెట్టులోనే ఉన్నది. దేశవిభజన సమయంలో సింధు నుండి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద కరాచీ బేకరీని స్థాపించినాడు. ఆ బేకరీకి పేరు తెచ్చిన ఫ్రూట్ బిస్కెట్టులో మెరిసే రంగుముక్కలు సాధారణంగా టూటీ ఫ్రూటీ అనబడేవి. అవి పచ్చి బొప్పాయిని చిన్నముక్కలుగా కోసి, ఉడికించి, చక్కెర పాకంలో ఊరబెట్టి, రంగు వేసి ఆరబెట్టినవి. పేరు విదేశీయమైనా, పద్ధతి మురబ్బా పద్ధతికి దగ్గరి చుట్టమే.

మామిడి ఎన్ని విధాలుగానైనా నిలిచే పండు. పచ్చికాయ ఆవకాయ అవుతుంది. పండిన రసం ఆత్రేయపురంలో వలె చాపలపై పొరలు పొరలుగా ఎండి తాండ్ర అవుతుంది. చిత్తూరు ప్రాంతపు తోతాపురి గుజ్జు డబ్బాలలోకి ఎక్కి విదేశాలకు పోతుంది. ద్రాక్ష కిస్‌మిస్ అవుతుంది, అంజూరం దండగా ఎండుతుంది. ఇన్ని పండ్ల నడుమ ఈ మూడు విద్యలలో రెండింటికి లొంగని పండు ఒకటున్నది. అది సీతాఫలం.

సీతాఫలం కథ

సీతాఫలపు జన్మస్థానం అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. పోర్చుగీసు నౌకల కాలంలో ఈ దేశానికి చేరినదని సాధారణ అభిప్రాయం. ఉత్తరాదివారు దీనిని 'షరీఫా' అని గౌరవంగా పిలిచినారు. దక్కను రాతిగుట్టలు దీనికి పుట్టినిల్లులా కుదిరినవి. నీరు పెట్టకున్నా, ఎరువు వేయకున్నా, మేకలు కూడా సాధారణంగా ముట్టని ఆకులతో గుట్టల నిండా పెరుగుతుంది. పాలమూరు జిల్లా బాలానగరు పేరు ఒక ప్రసిద్ధమైన సీతాఫల రకానికే పెట్టబడినది. వానలు వెనుకబట్టిన నాటి నుండి దసరా, దీపావళి దాటేవరకు పేద స్త్రీలు గుట్టలపై కోసుకొని, గంపలకెత్తుకొని బస్సులలో నగరానికి తెచ్చి అమ్ముతారు. తోట లేనివారికి దొరికే తోటఫలం ఇది.

అయితే కోసిన కాయ రెండు మూడు రోజులలో మెత్తబడుతుంది. ఆపై ఒక్కరోజులో చెడుతుంది. ఎండబెడదామంటే గుజ్జు నల్లబడుతుంది. పాకం పడదామంటే వేడి తగిలిన గుజ్జు చేదెక్కుతుంది. కాయను కాయగానే శీతల గిడ్డంగిలో పెడదామంటే అతిచలికి తొక్క నల్లబారి లోపల సరిగా పండదు. యంత్రంలో వేసి రుబ్బుదామంటే గింజలు విషగుణం కలవి. అవి చిట్లితే గుజ్జు పాడవుతుంది. కనుక మిగిలిన మార్గం ఒక్కటే. పండిన కాయను విప్పి, గింజ చిట్లకుండా గుజ్జు తీసి, వెంటనే గడ్డకట్టించాలి. సున్నా కంటె 18 డిగ్రీల సెంటీగ్రేడు దిగువన ఉంచిన గుజ్జు రంగు, రుచి చెడకుండా నెలల తరబడి ఉంటుంది. ఖలీఫా ఖర్బూజాకు పట్టిన యోగం పేదవాని సీతాఫలానికి అవసరమైనది.

ఆ చలి ఈ ప్రాంతానికి ఎట్లు వచ్చినదో చూడవలసి ఉన్నది. 1833లో అమెరికాలోని మాసచూసెట్స్ చెరువుల మంచుగడ్డలను ఓడలో కలకత్తాకు తెచ్చిన ట్యూడర్ వ్యాపారం, 1842లో మద్రాసు సముద్రతీరాన ఐస్‌హౌస్ కట్టించినది. 1874లో మద్రాసులో యంత్రాలతో మంచు చేసే కంపెనీ ఏర్పడినది. ఓడమంచుకు గిరాకీ పోయినది. అదే 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చినది. 1920లో హుసేన్ సాగరు తీరాన థర్మల్ విద్యుత్ కేంద్రం పనిచేయ మొదలిడినది. విద్యుత్తు, రైలు, మంచుగడ్డ మూడూ కలిసిన నగరంలో, పండ్లు రాశులుగా దిగే మార్కెట్టు అంచున ఐస్‌క్రీము దుకాణాలు వెలయడం ఆశ్చర్యం కాదు.

మొజంజాహీ మార్కెట్టు రాతి తోరణాల కింద ఫేమస్, షా, బిలాల్ పేర్లతో ఉన్న దుకాణాలు ఈ విధంగా ప్రసిద్ధికెక్కినవి. వాటిలో ఫేమస్ 1951 నుండి ఉన్నదని చెప్పుకొంటుంది. చేతితో తిప్పి చేసే పండ్ల ఐస్‌క్రీముకు ఈ కూడలి పేరుపొందినది. వేసవిలో మామిడి, శీతకాలపు తొలినాళ్లలో సీతాఫలం; సపోటా, అంజూరం, ఖర్బూజా వాటి వాటి కాలాలలో. పద్ధతి చూడ సులభం. చెక్కతొట్టిలో లోహపు డబ్బా నిలిపి, చుట్టూ మంచుగడ్డల పొడి, ఉప్పు కూరి, డబ్బాను తిప్పుతారు. ఉప్పు తగిలిన మంచు కరుగుతూ డబ్బాలోని పాల నుండి వేడిని లాగుకొంటుంది. ఉప్పు, మంచు కలిసిన మిశ్రమం సున్నాకు 21 డిగ్రీల దిగువ వరకు చల్లబడగలదు. చెక్క బయటి వేడిని రానీయదు. లోహం లోపలి వేడిని పోనిస్తుంది. ఎడతెగక తిప్పడం వలన మంచుపలుకులు పెద్దవి కాక, గుజ్జు మెత్తగా గడ్డకడుతుంది. ఇబ్నె అబీ ఉసైబిఆ పేర్కొన్న సూరేకారానికి బదులు వంటఉప్పు, పాదుషా కొండమంచుకు బదులు కర్మాగారపు గడ్డ. కరిగే వస్తువు వేడిని లాగుకొంటుందన్న సూత్రంలో పెద్ద భేదం లేదు. భేదమంతా కప్పు చేతపట్టిన మనిషిలో ఉన్నది. 700 దిర్హముల చలువను ఇప్పుడు రిక్షా తొక్కేవాడూ, నాంపల్లి స్టేషనులో రైలు దిగిన బాటసారీ నిలబడి తినగలిగినారు. ఇది చిన్న మార్పు కాదు.

మార్కెట్టు పోయినది, గంప మిగిలినది

1980వ దశకంలో పండ్ల టోకు వ్యాపారం ఈ ప్రాంతం నుండి గడ్డిఅన్నారానికి తరలినది. అక్కడి నుండి 2021-22లో నగరం వెలుపల విజయవాడ రహదారిపైనున్న బాటసింగారానికి మరల తరలినది. మొజంజాహీ కట్టడం శిథిలమై, బాగుచేయబడి 2020లో తిరిగి ప్రారంభమైనది. పండ్ల రాశులు పోయినా ఐస్‌క్రీము దుకాణాలు అక్కడనే నిలిచినవి. ఇందులో ఒక సత్యం ఇమిడి ఉన్నది. ఒకనాడు మిగులు పండు పక్కనే ఉన్నందున చలిపెట్టె దాని వద్దకు వచ్చినది. నేడు చలిపెట్టె ఎక్కడ ఉన్నదో, పండు గుజ్జుగా మారి అక్కడికి పోతున్నది.

అయితే ఈ మార్పులో గంప మోసే స్త్రీ స్థితి ఎంత మారినది? సాయంత్రం నాలుగింటికి కాయ మెత్తబడితే ఆమె అడిగిన ధర ఎవరూ ఇవ్వరు. రాత్రికి మిగిలినది మరునాటికి పారవేయవలసినదే. అదే గుజ్జు శీతలపెట్టెలో చేరిన మరుక్షణం నుండి దానికి తొందర లేదు. కాపు అయిపోయిన నెలలలో రెట్టింపు ధరకు నిలబడుతుంది. చలి ఎవరి చేతిలో ఉంటే కాలం వారి పక్షాన ఉంటుంది. పండు మిగిలినది గుట్టపైన; దానిని మిగుల్చుకొనే సాధనం మాత్రం పట్టణంలో. ఈ దూరమే ఆమె నష్టం. గుజ్జు తీసి గడ్డకట్టించే చిన్న కేంద్రం కాయ కోసే పల్లెలోనే ఉంటే, నిలవవల్ల కలిగే లాభం కోసిన చేతికి కూడా కొంత చెందుతుంది. చిన్న యంత్రానికీ నిరంతర విద్యుత్తు, శుభ్రమైన నీరు, చలి చెదరకుండా పట్టణం చేర్చే వాహనం కావాలి. వీటిలో ఒకటి లోపించినా గుజ్జు చెడుతుంది. అందుచేతనే ఈ పని ఒక్క కుటుంబం వల్ల కాదు, సంఘంగా చేయవలసినది.

ఇక్కడ ఫిఖ్ పండితుల చర్చ మరల జ్ఞప్తికి వస్తుంది. ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్‌ల కాలంలో సీతాఫలం వంటి పండు నిలిచి ఉండే ఫలం కాదు. నేడు శీతలపెట్టె గలవానికి అది నిలిచే ఫలమే; గంప మాత్రమే గలామెకు కాదు. 'పెద్ద ప్రయాస లేకుండా' అన్న షరతును ఎట్లు అన్వయించాలన్నది ధర్మశాస్త్రవేత్తలు ఆలోచించవలసిన విషయం. కానీ ఒకటి స్పష్టం. ఒకే చెట్టు పండు ఒకరి చేతిలో సంపదగానూ, మరొకరి చేతిలో సాయంత్రానికి చెడే సరుకుగానూ ఉన్నప్పుడు, తేడా పండులో లేదు.

అక్బరు కాలపు లాహోరులో వేసవి మంచు అందరికీ అందినది, సంవత్సరమంతా మంచు ఉమరావులకే దక్కినది. మొజంజాహీ కూడలిలో చలువ తినేవారి మధ్య ఆ భేదం చాలావరకు తొలగినది. పండించి, కోసి, మోసేవారి విషయంలో అది తొలగవలసి ఉన్నది.